వాకిట దించిన ఇంజను

మోటారు బండి ముసలిదై, పొగ ఎక్కువై, చిన్న మిట్ట ఎక్కుటకు కూడ ఆయాసపడుతున్నప్పుడు మన ఊళ్ళలో షెడ్డు మేస్త్రి చెప్పే తీర్పు ఒక్కటే: "బోరుకు వచ్చిందండీ, ఇంజను దించాల్సిందే." ఆ మాట విన్న యజమాని గుండె ఎక్కడికి దిగిపోవునో వేరే చెప్పనక్కరలేదు. ఇంతకూ 'దించుట' అన్న మాట మన వాడుకలో స్థిరపడినదే గాని, చాల బండ్లలో మొదట జరిగే పని దించుట కాదు, ఎత్తుట. ముందువైపు మూత విప్పి, గొలుసు కప్పీ తగిలించి, ఇంజనును ఆకాశంలోకి లేపి, అటు తరువాత నేల మీదకు దించుతారు. అయితే మన మేస్త్రి మాట అక్షరాల సరిపోయిన బండి ఒకటి లోకంలో ఉన్నది. దాని ఇంజను పైకి లేవదు. ఉన్నచోటు నుండి తిన్నగా కిందికే దిగును. కప్పీ అక్కరలేదు, గొలుసు అక్కరలేదు, చెట్టు కొమ్మ అక్కరలేదు.

అది 1950 మార్చి 8న జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గు కర్మాగారంలో వరుస ఉత్పత్తికి వచ్చిన ఫోక్స్‌వాగన్ వాను. కర్మాగారం లెక్కలో దాని పేరు 'టైపు 2'. టైపు 1 అనగా లోకమంతా 'బీటిల్' అని పిలిచిన పురుగు ఆకారపు కారు. ఈ వానులో ఇంజను వెనుక చక్రాలకు అవతల, తోకవైపున ఉండును. దానిని గేరుపెట్టెకు పట్టి ఉంచేవి నాలుగే నాలుగు బిగింపులు. రెండు పానాలు, ఒక గట్టి జాకీ, సాయానికి ఒక మనిషి ఉంటే ఇంటి వాకిట ఒక పూటలో ఇంజను నేలకు దిగిపోవును. వేలాదిమంది, మోటారు విద్యలో ఓనమాలు రానివారు సైతం, ఆ పని చేసినారు.

సామాన్యుడు తన బండిని తానే బాగుచేసుకొనవలెనన్న దయతో ఎవరో మహానుభావుడు దానిని ఆ విధంగా రూపొందించినాడని అభిమానులు కొందరు నమ్ముతారు. కథ అందంగానే ఉన్నది. చరిత్ర అంత అందంగా లేదు.

ఇంజను కథ వానుకన్న పాతది. 1934లో ఫెర్డినాండ్ పోర్షె అనే ఇంజనీరుకు జర్మనీ మోటారు పరిశ్రమవారి సంఘం ఒక చౌక కారును రూపొందించే పని అప్పగించినది. వెనుక ఉన్నది హిట్లరు ప్రభుత్వం. వెల 990 మార్కులు దాటకూడదన్నది షరతు. ఆ వెలకు కారు చేయవలెనంటే ప్రతి తులం లోహమూ లెక్కకు వచ్చును. పోర్షె కార్యాలయంలోని ఫ్రాంజ్ రైంష్పీస్ అనే ఇంజనీరు రూపొందించిన ఇంజనులో నాలుగు సిలిండర్లు, రెండేసి చొప్పున ఎదురెదురుగా బల్లపరుపుగా పడుకొని ఉండును. చల్లబరచుటకు నీరు లేదు. ఒక పంకా గాలిని విసరును. నీరు లేదు గనుక రేడియేటరు లేదు, రబ్బరు గొట్టాలు లేవు, నీటి పంపు లేదు. జర్మనీ చలికాలంలో షెడ్డు లేక ఆరుబయట నిలిపిన కారులో గడ్డకట్టుటకు ఏమియు లేదు. ఇంజను పొట్టి, తేలిక. మొత్తం బరువు నూరు కిలోలకు కొంచెం ఇటో అటో. విప్పుట సులభమైనది విప్పేవాని మీద ప్రేమచేత కాదు. విప్పుటకు అందులో ఎక్కువ వస్తువులు లేకపోవుటచేత.

ఆ చౌక కారు కొరకు మూడు లక్షలమందికి పైగా జర్మనులు వారానికి ఐదు మార్కుల చొప్పున తపాలా బిళ్ళలవంటి బిళ్ళలు కొని పుస్తకాలలో అతికించినారు. వారిలో ఒక్కరికైనను ఆ పథకం కింద కారు దక్కలేదు. 1938 మే 26న పునాదిరాయి పడిన కర్మాగారం యుద్ధం రాగానే సైన్యపు బండ్లు చేయుటకు మళ్ళినది. పొదుపు చేసినవారు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 1961లో రాజీకి వచ్చినారు. అప్పటికి వారికి దక్కినది కొత్త కారు కొంటే కొంత తగ్గింపు, వద్దంటే నూరు మార్కుల నగదు. యుద్ధకాలంలో అదే కర్మాగారంలో దాదాపు ఇరవైవేలమంది వెట్టికి పనిచేసినారు. అందులో యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల నుండి తెచ్చినవారు, ఆక్రమిత దేశాల నుండి పట్టి తెచ్చిన స్త్రీలు పురుషులు ఉన్నారు. ఈ ఇంజను మొదట పెద్ద సంఖ్యలో తిరిగినది ఏ గృహస్థుని కారులోనూ కాదు; 'క్యూబెల్‌వాగన్' అనే సైనిక వాహనంలో. దాదాపు యాబైవేల బండ్లు రష్యా మంచులోను, ఆఫ్రికా ఇసుకలోను తిరిగినవి. నీరు లేని ఇంజనుకు ఎడారి ఒక లెక్క కాదు. చెడిన ఇంజనును దారి పక్కనే మార్చుకొనగలగటం ఏ సైన్యానికైనను కోరదగిన గుణం. వాకిట కూర్చుండి ఆనందంగా ఇంజను దించే మనిషి ఈ పూర్వకథను కూడ తెలిసికొని ఉండవలెనని నా అభిప్రాయం.

1945లో కర్మాగారం బ్రిటిషు సైన్యం చేతికి వచ్చినది. ఐవన్ హర్స్ట్ అనే మేజరు దానికి బాధ్యుడు. సగం కూలిన కప్పుల కింద కార్ల తయారీని మళ్ళీ మొదలుపెట్టించినవాడు ఆయనే. కర్మాగారం లోపల సామానులు మోయుటకు సైన్యం ఎరువిచ్చిన బండ్లను సైన్యమే తిరిగి తీసికొన్నది. అప్పుడు హర్స్ట్ కారు చట్రం మీద ఒక చదును బల్ల బిగించి, డ్రైవరును వెనుక ఇంజను మీద కూర్చుండబెట్టి, ఒక వింత బండిని తయారుచేయించినాడు. బెన్ పాన్ అనే డచ్చి వర్తకుడు దానిని చూసినాడు. తన దేశంలో అమ్ముకొందమనుకొన్నాడు. డ్రైవరు ముందు కూర్చుండని బండికి అక్కడ అనుమతి లేదన్నారు. 1947 ఏప్రిల్ 23న అతడు తన జేబు పుస్తకంలో ఒక బొమ్మ గీసినాడు: రొట్టెముక్క వంటి పెట్టె, ముందు డ్రైవరు, వెనుక ఇంజను, మధ్య సరుకు 750 కిలోలు. చిన్నపిల్లవాడు గీసినట్లుండే ఆ నాలుగు గీతల కాగితం ఈనాడు ఆమ్‌స్టర్‌డాములోని జాతీయ మ్యూజియం సొత్తు.

బొమ్మ బండి కావటానికి మూడేళ్ళు పట్టినది. 1948 జనవరిలో హైన్రిచ్ నార్డ్‌హోఫ్ కర్మాగారానికి అధిపతి అయిన తరువాత పని ఊపందుకొన్నది. మొదటి నమూనాను కారు చట్రం మీదనే నిలిపినారు. 1949 వసంతంలో పరీక్షలు చేస్తూండగా చట్రం బరువుకు తాళలేక కుంగిపోయినది. దానితో పెట్టెయే చట్రంగా, అడుగున నిలువు దూలాలతో మొత్తం మళ్ళీ కట్టినారు. బ్రౌన్‌ష్వైగు సాంకేతిక విశ్వవిద్యాలయపు గాలి సొరంగంలో ముందు భాగాన్ని గుండ్రం చేయగా గాలి ఒత్తిడి గణనీయంగా తగ్గినది. 1949 నవంబరు 12న పత్రికలవారికి చూపించినారు. ఇంజను మాత్రం కారుదే: 1131 ఘన సెంటీమీటర్లు, 25 అశ్వశక్తి. ముప్పాతిక టన్ను సరుకుకు ఇరవైయైదు గుర్రాలంటే ఆశ్చర్యపడవలసినదే. ఈ బలహీనత నుండియే మన కథలో తరువాతి ఘట్టం పుట్టినది.

వాను బరువు. ఎదురుగాలికి గోడవలె నిలుచును. దానిని లాగే ఇంజను కారులోకన్న ఎక్కువ శ్రమపడును, ఎక్కువ కాగును. పైగా ఈ ఇంజనుకు ఒక పుట్టుమచ్చ ఉన్నది. చమురును చల్లబరిచే చిన్న పరికరాన్ని పంకా గాలిదారిలోనే, సరిగా మూడవ సిలిండరుకు అడ్డంగా నిలిపినారు. అందుచేత మిగిలినవాటికన్న ఆ సిలిండరుకు చల్లగాలి తక్కువ. దాని ఎగ్జాస్టు వాల్వు ముందుగా కాలిపోవుట ఒక సామెత అయినది. 1971 నమూనాలనాటికి గాని ఆ పరికరాన్ని పక్కకు జరిపి వేరే గాలిదారి ఇవ్వలేదు. పంకా ఉన్నది డైనమో ఇరుసు మీద. రెండింటినీ తిప్పేది ఒకే బెల్టు. బెల్టు తెగితే బ్యాటరీ నిండుట ఆగిపోవును, చల్లగాలి కూడ ఆగిపోవును. డ్రైవరు ఎదుట వెలిగే ఎర్రదీపాన్ని 'బ్యాటరీ సంగతి తరువాత చూద్దాం' అని ఉపేక్షించి రెండు మైళ్ళు పోయినవానికి ఇంజను దించే పని ఆ వారంలోనే పడును.

ఇక దించే పద్ధతి. ఈ వానులో బ్యాటరీ ఇంజను గదిలోనే ఉన్నది. పెట్రోలు గొట్టమూ అక్కడికే వచ్చును. కనుక మొట్టమొదట చేయవలసినది బ్యాటరీ తీగను ఊడదీయుట. ఈ ఒక్క పని మరచి, పానా తగిలి రేగిన నిప్పురవ్వకు వానునే పోగొట్టుకొనుట అసాధ్యం కాదు. తరువాత చమురు వంపుకొందురు, రెండున్నర లీటర్లు. పెట్రోలు గొట్టాన్ని బిగించి, ఊడదీసి, కొసకు బిరడా పెట్టుదురు. డైనమో తీగలు, కాయిలు తీగ, చమురు ఒత్తిడి దీపపు తీగ విప్పి, ఏది ఎక్కడిదో గుర్తు కొరకు కాగితపు ముక్క అంటించుదురు. ఆక్సిలేటరు తీగ ఒక చిన్న మర కింద పట్టి ఉండును. దానిని వదులుచేసి ముందుకు లాగుదురు. చలిదేశపు బండి గనుక ఇంజను వేడిని లోపలికి పంపే గొట్టాలు, వాటి తీగలు అటు ఇటు ఉండును. తుప్పు పట్టి అందరికన్న ముందు మొండికెత్తేవి అవే. కొన్ని నమూనాలలో వెనుక తగరపు పలకను కూడ విప్పవలెను.

పానా తిరిగే పని ఇంతవరకు సులభమే. నాలుగు బిగింపులలో కిందివి రెండు బండి కిందికి దూరితే కనబడును. పైవి రెండు కనబడవు. పంకా తొడుగు వెనుక, చేయి మోచేతివరకు దూర్చి, చూపుతో కాక వేళ్ళతో వెదకవలెను. బోల్టుతోపాటు నట్టు తిరిగితే రెండవ మనిషి బండి కింద పడుకొని అవతలి కొసను పట్టుకొనవలెను. పైన ఉన్నవాడు "పట్టావా?" అని అడుగును, కింద ఉన్నవాడు "దేనిని?" అని అడుగును. ఎన్నో స్నేహాలు ఆ స్థలంలో పరీక్షకు నిలిచి ఉండవలెను.

పై బోల్టులు తీసే ముందే ఇంజను కింద జాకీ నిలుపవలెను. నాలుగూ విడిన తరువాత ఇంజను క్రిందికి రాదు, వెనుకకు రావలెను. గేరుపెట్టె నుండి వచ్చే ఇరుసు క్లచ్చి గుండా ఇంజనులోనికి దూరి ఉన్నది గనుక. అది పూర్తిగా బయటపడేవరకు ఇంజనును సమంగా, తిన్నగా వెనుకకు జరుపవలెను. తొందరపడి వంచితే నూరు కిలోల బరువూ ఆ ఇరుసు మీద వేలాడి క్లచ్చి బిళ్ళను వంచివేయును. ఇరుసు విడిన క్షణంలో జాకీ మీద ఇంజను కొంచెం ఊగును. ఆ ఊగుటయే ప్రమాదం. బండి కింద తల పెట్టినవాడు తల తీసివేయవలసిన సమయం అదియే. బండి వెనుక భాగాన్ని జాకీ మీద మాత్రమే నమ్మి నిలుపరాదు. గట్టి స్టాండ్ల మీదనో, దృఢమైన కొయ్యదిమ్మెల మీదనో నిలుపవలెను. ఇంజను ఎత్తునకు తగినంత ఖాళీ లేకపోతే అది నేలకు దిగిన తరువాత బయటకు రాదు. లోపలనే చిక్కి, చేసినవానిని చూచి నవ్వును. 1967 ఆగస్టులో వచ్చిన రెండవ తరం వానులో ఇంజను వెనుక అంచుకు ఒక అడ్డు దూలం కూడ చేరినది. అక్కడ నాలుగు బిగింపుల లెక్క చెల్లదు.

ఇదంతా మొదట ఎవరు చేయవలెనని కర్మాగారం తలచినది? గృహస్థుడు కాదు. 1947 నాటికే కర్మాగారం అరిగిన భాగాలను తిరిగి తీసికొని, బాగుచేసి మార్పిడిగా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టినది. అరిగిన ఇంజను దించి బాగుచేసిన ఇంజను ఎక్కించి పంపుట ఏజెంటు వర్క్‌షాపు పని. రొట్టెలు, కూరగాయలు పంచుకొనే చిన్న వర్తకునికి బండి ఒకరోజు నిలిచినా నష్టమే గనుక అది ఆ వర్తకునికి మేలు చేసినది. ఏజెంటుకు వ్యాపారం తెచ్చినది. అంతవరకే. నాలుగు బోల్టులు ఇంటివానికి దక్కినది కర్మాగారం ఉద్దేశించి కాదు. బండ్లు ముసలివై, చవకై, కర్మాగారం చేతినుండి జారిపోయిన తరువాత.

ఆ జారుట ఎక్కువగా జరిగినది అమెరికాలో. కోళ్ళ మాంసం మీద ఐరోపావారు వేసిన సుంకానికి బదులుగా అమెరికా 1964 నుండి విదేశపు చిన్న సరుకు బండ్ల మీద నూటికి ఇరవైయైదు వంతుల సుంకం వేసినది. కోడికీ వానుకూ ఏమి సంబంధమని అడుగరాదు. రాజనీతిలో అట్టి బంధుత్వాలు ఉండును. సరుకు వానులు దాదాపు ఆగిపోయినవి. కిటికీలు, సీట్లు ఉన్న వానులు ప్రయాణపు కార్ల కింద లెక్కకు వచ్చి వస్తూనే ఉన్నవి. అవి చేతులు మారి మారి కుర్రకారుకు కొద్ది డాలర్లకే దొరికినవి. కొన్నవారి వద్ద బండి ఉన్నది, మేస్త్రికి ఇచ్చే డబ్బు లేదు.

వారి కొరకు 1969లో న్యూమెక్సికోలో జాన్ మ్యూర్ అనే ఆయన ఒక పుస్తకం తానే అచ్చువేసినాడు. చదువుకు ఇంజనీరు, ఉద్యోగం వదలి బండ్లు బాగుచేయుచు జుట్టు పెంచుకొని బతికినవాడు. 'మీ ఫోక్స్‌వాగన్‌ను బ్రతికించుకొనుట ఎట్లు' అన్నది పుస్తకం పేరుకు మన మాటలలో అర్థం. ఏమీ తెలియనివాని కొరకు వ్రాసినదని దాని ఉపశీర్షికయే చెప్పుకొన్నది. బండి కింద తెరచి పెట్టుకొనుటకు వీలుగా తీగచుట్ట కుట్టు; పీటర్ ఆష్వాండెన్ గీసిన బొమ్మలు. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. కర్మాగారపు మాన్యువల్ మేస్త్రితో మాటాడినది. ఈ పుస్తకం భయపడుచున్న మనిషితో మాటాడినది. ఇంజను దించే విద్య కర్మాగారానిదై ఉండి, ఇంటిదైన చోటు ఏదని నన్నడిగితే ఈ పుస్తకాన్నే చూపుతాను. మ్యూర్ 1977లో చనిపోయినాడు.

ఆ వానులలో కొన్ని ఇస్తాంబులు నుండి టెహరాను, కాబూలు, లాహోరు మీదుగా ఢిల్లీకి వచ్చినవి. 1979లో ఇరానులో విప్లవం, అఫ్ఘానిస్తానంలో యుద్ధం రాగా ఆ దారి మూతపడినది. మనకు ఈ కథతో ఇంకొక దగ్గరి చుట్టరికం కూడ ఉన్నది. 1949లో హాంబర్గు వద్ద టెంపో అనే సంస్థవారు 'మటడోర్' పేరుతో ఒక వాను తెచ్చినారు. అందులో మొదట ఉన్నది ఈ ఫోక్స్‌వాగన్ ఇంజనే. 1952లో ఫోక్స్‌వాగన్‌వారు సరఫరా ఆపివేసినారు. ఆ టెంపోవారి సహకారంతో 1958లో బజాజ్ టెంపో ఆరంభమైనది. 1969 నుండి అక్కడ మటడోర్ వానులు డీజిలు ఇంజనుతో తయారైనవి. మన జిల్లాలలో 'మెటాడోర్' అంటే పెళ్ళివారిని మోసిన బండి, కూరగాయలు మోసిన బండి, అద్దెకు దొరికే ప్రతి చిన్న వానుకూ పేరైన బండి.

నా చిన్ననాట మా వీధిలో అట్టి బండి ఒకటి ఉండేది. దానికి ఇంజను దించిన రోజు మాకు బడి ఉన్నా లేనట్లే. వేపచెట్టు కింద గోనెపట్టా మీద ఇంజనును పెట్టినారు. పాత సత్తు బేసినులో కిరసనాయిలు పోసి, మేస్త్రి శిష్యుడు ఒక్కొక్క ముక్కనూ కుంచెతో కడిగి వార్తాపత్రిక మీద వరుసగా పేర్చినాడు. "బాబూ, ఆ పేపరు జరపకండి, వరుస పోతే నా పని పోతుంది" అని అతడు మమ్ములను బతిమాలినాడు. బండి యజమాని అరుగు మీద కూర్చుండి, రోజుకు పోయే బాడుగను వేళ్ళ మీద లెక్కించుచుండెను. ఇంజను ఎక్కించిన తరువాత రెండు బోల్టులు మిగిలినవి. అవి ఎక్కడివో ఎవరూ చెప్పలేకపోయినారు. బండి మాత్రం నడిచినది.

గాలితో చల్లబడే ఇంజను కథ విడతలు విడతలుగా ముగిసినది. జర్మనీలో 1979లో వచ్చిన మూడవ తరం వానుకు 1982లో నీటి ఇంజను పెట్టినారు. 1990లో నాలుగవ తరంతో ఇంజను తోక విడిచి ముందుకు వచ్చినది. మెక్సికోలో ఆఖరి బీటిల్ కారు 2003 జూలై 30న తయారైనది. బ్రెజిలులో 1957 నుండి వచ్చిన వాను 2005 చివర నీటి ఇంజనుకు మారి, గాలిసంచులు, కొత్త బ్రేకులు తప్పనిసరి చేసిన చట్టం అమలుకు రాకముందే 2013లో ఆగిపోయినది. 2022లో అదే సంస్థ అదే ముఖపోలికతో విద్యుత్తు వానును అమ్మకానికి తెచ్చినది. దాని మోటారు మళ్ళీ వెనుకనే ఉన్నది. కాని నేల కింద పరచిన బ్యాటరీలో వందల వోల్టుల విద్యుత్తు ఉండును. శిక్షణ లేనివాడు దాని మీద చేయి వేయరాదు, వేయరాదనుటలో న్యాయమూ ఉన్నది.

అయితే న్యాయమైన భయం ఎక్కడ ముగియునో, అమ్మినవాని స్వార్థం ఎక్కడ ఆరంభమగునో తేల్చుట సులభం కాదు. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు మోటారు బండ్ల మరమ్మతు వివరాలను బయటి మేస్త్రులకు కూడ ఇవ్వవలెనని ఓటు వేసినారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు తెరచిన సమాచార వేదికలో మోటారు బండ్లను కూడ చేర్చినది. నాలుగు బోల్టుల కాలంలో ఈ హక్కును ఎవరూ చట్టంగా అడుగలేదు; పానా అందేచోట అది ఉన్నది.

జర్మనీలోను, ఇంగ్లండులోను, కాలిఫోర్నియాలోను ఈ పాత వానులు ఇంకను తిరుగుచున్నవి. వేసవి వచ్చినదంటే ఎక్కడో ఒకచోట, ఇంటి ముందు, వెనుక చక్రాలు గాలిలో లేచి ఉండును. కింద నుండి రెండు కాళ్ళు బయటకు కనిపించును. పైన ఒకరు చేయి లోపలికి దూర్చి, కళ్ళు మూసికొని, ఆ కనబడని బోల్టును వేళ్ళతో వెదకుచుందురు.